మూత లేదు, గమనించగలరు

మా ఊరు కార్పొరేషన్ అయ్యాక జరిగిన మొదటి మంచి పని ఇంటింటికీ భద్రతా సమాచారం పంచడం. రెండో పని, ఆ సమాచారం మోసుకొచ్చిన లారీ మా వీధిలో మ్యాన్‌హోల్ మూత మీదుగా పోయి దాన్ని ముక్కలు చెయ్యడం. రెండూ ఒకే ఉదయం, ఒకే లారీ చక్రాల మీద జరిగిపోయాయి. పనుల్లో జాప్యం అన్న మాట మాత్రం ఎవరూ అనలేరు.

పంచిన పుస్తకం పేరు "మీ ఇల్లు - మీ భద్రత". నిజం చెప్పొద్దూ, పుస్తకం బావుంది. గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ ఎప్పుడు కట్టెయ్యాలో, తడి చేత్తో స్విచ్చి ఎందుకు ముట్టుకోకూడదో, తడి చెత్త ఏదో పొడి చెత్త ఏదో అన్నీ బొమ్మలతో ఉన్నాయి. చివరి అట్ట లోపల మూత లేని మ్యాన్‌హోల్ బొమ్మ, దాని చుట్టూ నోళ్లు తెరుచుకుని నిలబడ్డ కుటుంబం, కింద "ఇటువంటిది కనిపించిన యెడల వెంటనే మాకు తెలియజేయండి" అన్న వాక్యం. నేను ఆ పేజీ తీసి పట్టుకుని, నిజం గుంత పక్కన, అచ్చం ఆ కుటుంబంలాగే నోరు తెరుచుకుని నిలబడ్డాను.

నేను ఈ వీధి సంక్షేమ సంఘం కార్యదర్శిని. ఎన్నిక ఏకగ్రీవం. ఆ రోజు మీటింగుకి వేళకి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో, మిగతావాళ్లు వచ్చేసరికి కుర్చీలు వేస్తూ కనిపించాను. కుర్చీలు వేసేవాడే కార్యదర్శి అని తీర్మానించారు. అప్పట్నుంచి వీధిలో ఏది విరిగినా నాదే పూచీ.

గుంత పైడితల్లి ఇంటి ముందు పడింది. పైడితల్లి పొద్దున్నే వీధి అరుగు మీద ఇడ్లీలు వేసి అమ్ముతుంది. భర్త పోర్టులో కళాసీ, వారానికోసారి వస్తాడు. ఇంట్లో ఆమె, మావగారు. మావగారు అప్పలనరసయ్య ఒకప్పుడు పద్య నాటకాలకి హార్మోనియం వాయించినవాడు. చూపు పోయి చాలా కాలమైంది. అయినా రోజూ పొద్దున్నే కర్ర పట్టుకుని ఒక్కడే వీధి చివర టీకొట్టుకి వెళ్తాడు. అక్కడ ఆయన పాత నాటకాల వాళ్లు ఇద్దరుంటారు. ఎవరి శ్రుతి ఎప్పుడు తప్పిందో ఇవాళ్టికీ తేలలేదు, అదే మాట్లాడుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరతాడు. ఆయనకి రోజంటే అదే.

మూత పోయిన నాడే పైడితల్లి ఆయన కర్ర తీసి అటకెక్కించింది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్దామంటే ఆ వేళకి ఇడ్లీల దగ్గర జనం ఉంటారు. అప్పలనరసయ్య అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ల అడుగుల చప్పుడు వింటూ ఉండేవాడు. నేను పలకరిస్తే ఒకటే అన్నాడు.

"కళ్లు పోయినప్పుడు ఇంత బెంగ లేదు బాబూ. ఇప్పుడు కాళ్లు పోనాయి."

పుస్తకంలో ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. మ్యాన్‌హోల్ గురించి సమాచారం కావాలంటే రెండు నొక్కమంది. నొక్కాను. మ్యాన్‌హోల్ అంటే ఏమిటో, నాగరికతలో దాని పాత్ర ఏమిటో ఒక గొంతు చాలాసేపు చెప్పి, "మీకు తెలియజేసే అవకాశం ఇచ్చినందుకు ధన్యవాదాలు" అని పెట్టేసింది. నేను తెలియజేద్దామనుకున్నది నా దగ్గరే ఉండిపోయింది. చొక్కా మార్చుకుని కార్పొరేషన్ ఆఫీసుకి బయల్దేరాను.

ఇంజినీరింగ్ విభాగం ఉండే గది తలుపు మీద ఇప్పుడు "పౌర అవగాహన విభాగం" అని ఉంది. లోపల పరాంకుశం గారు ముఖ్య అవగాహనాధికారి. నేను గుంత మాట ఎత్తగానే లేచి నిలబడి చెయ్యి కలిపారు. పుస్తకం చదివి స్పందించిన తొలి పౌరుణ్ణి నేనేనట. మూత ఎప్పుడు వేయిస్తారని అడిగాను. ఆయన నన్ను జాలిగా చూశారు.

"మీరింకా మూతల కాలంలో ఉన్నారు. ఒక గుంత పూడిస్తే ఆ ఒక్క గుంతే పోతుంది. పౌరునిలో అవగాహన కల్పిస్తే లోకంలోని సమస్త గుంతలూ నిరపాయకరములవుతాయి. ప్రమాదానికి మూలం గుంత కాదండీ, గుంత ఉన్నదని తెలియకపోవడం."

ఇది పెద్ద సలహా సంస్థ ఒకటి పరిశోధించి తేల్చిన సంగతట. అప్పట్నుంచి ఇంజినీరింగ్ విభాగాన్ని అవగాహనలో కలిపేశారు. తాపీ మేస్త్రీలు ఇప్పుడు స్కూళ్లకి వెళ్లి ఇటుక గురించి ఉపన్యాసాలిస్తున్నారు. ఇంజినీరు లోవరాజు గారు మూలన కూర్చుని రంగు పెన్సిళ్లతో బొమ్మలు గీస్తున్నారు. పుస్తకంలో గుంత బొమ్మ ఆయనదే. గుంతలు బాగా ఎరిగిన చెయ్యి అని చూడగానే అనిపించింది. ఆయన నావైపు చూసి, ఏదో అనబోయి, పెన్సిల్ చెక్కుకోవడంలో పడ్డారు.

చర్య మాత్రం వెంటనే తీసుకున్నారు. ఆ వారంలోనే మనుషులొచ్చి గుంత పక్కన బోర్డు పాతారు. ఆషామాషీ బోర్డు కాదు. మంచం అంత ఇనప పలక, చుట్టూ యాంగిళ్లు, వెనక అడ్డబద్దలు. దానికి పసుపు రంగు, పైన నల్ల అక్షరాలు: "గమనిక. ఇచ్చట మూత లేదు. గమనించగలరు." దాన్ని నిలబెట్టడానికి రెండు గోతులు తవ్వారు. మొదట కొలత తప్పి మూడోది కూడా తవ్వారు. దాన్ని పూడ్చడానికి మనిషి లేడు కాబట్టి దానికీ ఒక చిన్న బోర్డు పెట్టారు.

ప్రారంభోత్సవానికి వచ్చిన పరాంకుశం గారిని, ఇంత ఇనుముతో మూతే చెయ్యొచ్చు కదండీ అని అడిగాను.

"చేయవచ్చు," అన్నారు ఆయన ఆలోచించి. "కానీ అప్పుడు బోర్డు దేనిమీద రాస్తాం?"

ఈ ఇంటి అరుగు మీద చూపులేని ఆయన ఉన్నాడు, ఆయన బోర్డు ఎలా చదువుతాడని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. పరాంకుశం గారి ముఖం వెలిగిపోయింది. విభిన్న సామర్థ్యాలు గల పౌరులను సైతం అవగాహనలో భాగస్వాములను చేస్తామన్నారు. రెండు రోజుల్లో కరెంటు స్తంభానికి ఒక మైకు పెట్టె వేలాడింది. దాని ముందు ఏది కదిలినా మాట్లాడుతుంది.

"గౌరవనీయులైన పాదచారులకు నమస్కారం. మీ సమీపమున మూత లేని మ్యాన్‌హోల్ కలదు. దయచేసి అవగాహనతో మెలగండి."

నమస్కారం పూర్తయ్యేలోగా నడిచేవాడు గుంత దాటనైనా దాటుతాడు, అందులోనైనా ఉంటాడు. మా వీధి కుక్కలకీ, పాలవాడి గేదెలకీ, గాలికి ఎగిరే కవర్లకీ తెల్లవార్లూ నమస్కారాలు అందాయి. పైడితల్లి ఇడ్లీలు తినేవాళ్లు చెయ్యెత్తినప్పుడల్లా గౌరవం పొంది, గౌరవం భరించలేక పక్క వీధిలో దోసెలకి పోవడం మొదలెట్టారు. అప్పలనరసయ్య ఒకరోజంతా విని తన అభిప్రాయం చెప్పాడు.

"గొంతు మంచిదే గానీ, ఉందని సెప్తంది తప్ప ఏ పక్కనుందో సెప్పదు. సదువుకున్న పిల్లయ్యుంటాది."

తర్వాత వాన వచ్చింది. ఈదురుగాలికి బోర్డు ఊగి ఊగి పొద్దుటికి వీధిలో పడుకుంది. సిమెంటు వెయ్యకుండా మట్టితో కప్పెట్టిన గోతులు కదా. పైడితల్లీ, నేనూ దాన్ని పక్కకి తీద్దామని చెరోవైపు ఎత్తాం. ఎత్తినదాన్ని ఎక్కడ దించాలో ఇద్దరం ఒకేసారి చూసుకున్నాం. గుంత మీద పరిచేశాం. చెప్పు తొడిగినట్టు సరిపోయింది. ఎక్కి తొక్కి చూశాను, ఏనుగు నడిచినా వంగేలా లేదు.

పైడితల్లి లోపలికెళ్లి అటక మీంచి కర్ర తెచ్చింది. అప్పలనరసయ్య ఆ ఇనప పలక మీద కర్రతో రెండుసార్లు కొట్టి, చెవి ఒగ్గి విని, శ్రుతి బావుందన్నాడు. తర్వాత నడుచుకుంటూ టీకొట్టుకి వెళ్లిపోయాడు. మైకు ఆయనకి నమస్కారం పెట్టింది. ఈయనా తిరిగి నమస్కారం పెట్టాడు. నాకు ఆ నాడు కలిగిన సంతోషం ఇంత అని చెప్పలేను. కార్యదర్శిగా నేను వీధికి చేసిన పని అదొక్కటే.

ఆ సంతోషం బోర్డులకి ఫొటోలు తియ్యడానికి పరాంకుశం గారు వచ్చేదాకా నిలిచింది. ఆయన గుంత ఉండాల్సిన చోట తన బోర్డు మీద తానే నిలబడి, బోర్డు ఏదని అడిగారు. కాళ్ల కింద చూపించాను. కిందికి చూశారు. చదివారు. "ఇచ్చట మూత లేదు." మళ్లీ చదివారు. ముఖంలో రంగు మారింది.

ఇక్కడ మూత ఉందా లేదా అని అడిగారు. ఉందండీ అన్నాను. మరి లేదని రాసి ఉందే అన్నారు. ఒప్పుకున్నాను. అంటే మా కార్పొరేషన్ పేరుతో నడివీధిలో తప్పుడు సమాచారం ప్రచారం అవుతోందన్న మాట, ఇది గుంత కన్నా ప్రమాదం అన్నారు. పోనీ రాత మార్చండి అన్నాను. అందులో ప్రతి మాటా రాజధానిలో కమిటీ ఆమోదించినది, అక్షరం కదిపే అధికారం తనకు లేదన్నారు.

"వాక్యాన్ని మార్చలేము. కనుక వాస్తవాన్నే వాక్యానికి అనుగుణంగా పునరుద్ధరించవలసి ఉంటుంది," అన్నారు.

మర్నాడు పొద్దున్నే సంజాయిషీ ఇవ్వడానికి రమ్మని నాకు కబురొచ్చింది. ఆఫీసు బల్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. అదే సమయంలో వాళ్ల మనుషులు మా వీధికొచ్చి బోర్డు లేపి మళ్లీ పాతేశారు. పైడితల్లి మినప్పప్పు కోసం బజారుకి వెళ్లింది. అప్పలనరసయ్య టీకొట్టులో ఉన్నాడు. పని జరిగే చోట కరెంటు తీసెయ్యాలన్నది పుస్తకంలోనే ఉన్న భద్రతా నియమం. వాళ్లు దాన్ని తు.చ. తప్పకుండా పాటించి, లైను తీసేసి, పని అయ్యాక భోజనానికి వెళ్లిపోయారు. మైకుకి ప్రాణం లేదు.

పొద్దున్న వెళ్లేటప్పుడు కాలికింద ఉన్న పలక తిరిగొచ్చేటప్పుడు ఉండదని ఆ మనిషికి ఎలా తెలుస్తుంది.

నేను ఇంటికొచ్చేసరికి అప్పలనరసయ్య అరుగు మీద ఉన్నాడు. తొడదాకా బురద, మోకాలికి పసుపు గుడ్డ. ఒక కాలు లోపలికి దిగి, చేతులు గట్టుకి అడ్డం పడి ఆగాడట. ఎముక విరగలేదు. పైడితల్లి ఏడుపు ఆపుకుంటూ కాళ్లు కడుగుతోంది. ఆయన తిట్టి ఉంటే బావుండేది. తిట్టలేదు. నన్ను అడుగుల చప్పుడుతో గుర్తుపట్టి మెల్లగా అడిగాడు.

"బాబూ, ఇక్కడ ఇనప పలకుండేది గదా? లేపోతే నాకే మతి తప్పుతందేటి?"

ఉండేది తాతా, తీసేశారు అన్నాను. ఆయన తలాడించాడు గానీ నమ్మినట్టు లేదు. మర్నాడు పైడితల్లి పనులన్నీ మానుకుని చెయ్యి అందించినా లేవలేదు. ఇన్నాళ్లూ ఆయన నమ్ముకున్నది తన కాళ్లని. ఇప్పుడు వాటినే అనుమానించడం మొదలెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పరాంకుశం గారి టేబులు మీద ఆ పుస్తకం విసిరికొట్టి, మనిషి పడ్డాడండీ అని అరిచాను. గదిలో అందరూ పనాపేశారు. లోవరాజు గారి చేతిలో పెన్సిల్ విరిగింది.

పరాంకుశం గారు ఏ పక్కకి పడ్డాడు, ఎంత లోతు దిగాడు అన్నీ అడిగి రాసుకున్నారు. తర్వాత కళ్లజోడు తుడుచుకున్నారు. కళ్లు చెమ్మగిల్లాయేమో అనుకున్నాను.

"ఆయనకిప్పుడు గుంత ఎక్కడున్నదో తెలుసు కదా?"

తెలుసు అన్నాను.

"దీనినే అనుభవపూర్వక అవగాహన అంటాం. చూపులేని పౌరునికి కూడా తెలిసిన పిదప ఆ వీధిలో తెలియనివారు ఇక లేనట్టే. రాష్ట్రంలో ఇదే తొలి సంపూర్ణ అవగాహన వీధి."

నేను అరవడానికి మళ్లీ నోరు తెరిచాను గానీ ఆయన అప్పటికే ఫోన్లో ఉన్నారు. మంత్రిగారి అపాయింట్‌మెంట్ దొరికింది. అప్పలనరసయ్యకి సన్మానం ఖాయమైంది. శిలాఫలకం చెక్కడానికి కబురెళ్లింది.

ఫలకం సభకి ముందురోజే వచ్చింది. నల్ల గ్రానైటు, తలుపంత పొడుగు, జానెడు మందం. మంత్రిగారి పేరు పై వరసలో పెద్ద అక్షరాల్లో, తర్వాత అంతస్తుని బట్టి అందరి పేర్లూ, చివర పరాంకుశం గారిది, లోతుగా చెక్కి బంగారు రంగు నింపారు. దాన్ని నిలబెట్టడానికి దిమ్మె కట్టాలి. కట్టే మేస్త్రీలు స్కూళ్లలో ఉపన్యాసాల్లో ఉన్నారు. ఒకాయన్ని పిలిపిస్తే వచ్చి దిమ్మె ఎలా కట్టాలో చక్కగా వివరించి వెళ్లాడు. మోసుకొచ్చిన కూలీలు మాత్రం రాయి భుజాల మీద ఉండగానే ఎక్కడ దించమంటారని అరుస్తున్నారు. పరాంకుశం గారు మైకు సెట్టువాళ్లతో మాట్లాడుతున్నారు.

పైడితల్లి ఇడ్లీ గరిటెతోనే వీధిలోకొచ్చింది.

"ఇదుగో, ఇక్కడ దించండి," అని గుంత చూపించింది.

దించేశారు. లోవరాజు గారు అప్పుడే బొమ్మల పెట్టె పట్టుకుని వచ్చారు. రాయినీ, దాని కిందున్నదాన్నీ, పైడితల్లినీ చూశారు. చొక్కా మాసిపోతుందని కూడా చూసుకోకుండా నేల మీద పడుకుని ఒంటి కన్నుతో చూసి, లేచి, బట్టలు దులుపుకున్నారు.

"లెవెలు బ్రహ్మాండంగా ఉంది, ఇలాగే ఉండనివ్వండి," అన్నారు. ఆయన నోట నేను విన్న మొదటి మాట అదే. ఫలకాన్ని నేల మీద పరచడం కొత్త పద్ధతని పరాంకుశం గారికి ఆయనే నచ్చజెప్పారు. కొత్తది అనేసరికి ఆయన ఒప్పుకున్నారు.

సభ బాగా జరిగింది. ఫలకం నేల మీద ఉంది కాబట్టి తెర లాగడానికి మంత్రిగారు వంగాల్సి వచ్చింది. ప్రజలకు పాదాభివందనం చేసిన నేత అని పేపర్లు రాశాయి. అప్పలనరసయ్యని కుర్చీతో సహా వేదిక ఎక్కించి శాలువా కప్పారు. ఒక మాట మాట్లాడమన్నారు. ఆయన మైకు తడుముకుని మంత్రిగారిని అడిగాడు, రాయి ఏ మందం బాబూ అని. మేలైన క్వారీ రాయి, జానెడు ఉంటుందని మంత్రిగారు సంతోషంగా చెప్పారు.

"అయితే సరే," అని కూర్చున్నాడు.

మంత్రిగారి కార్లు వెళ్లాక పరాంకుశం గారికి సంగతి అర్థమైంది. పక్కన బోర్డు చూస్తే ఇచ్చట మూత లేదంటోంది. కింద చూస్తే గుంత మూసుకుపోయి ఉంది. తప్పుడు సమాచారం మళ్లీ మొదలైంది. వాస్తవాన్ని పునరుద్ధరిద్దామంటే మంత్రిగారి పేరున్న రాయి పెకలించాలి. ఆయనకి చెమటలు పట్టాయి. మనిషి ఎంత విలవిల్లాడాడంటే, నాకు కోపం ఉన్నా మంచినీళ్లు తెచ్చిచ్చాను. నీళ్లు సగం తాగాక తేరుకున్నారు.

"బోర్డు చెప్పినది నిజమే. ఇచ్చట మూత లేదు. ఉన్నది శిలాఫలకం."

గ్లాసు నా చేతికిచ్చి, ఊపిరి పీల్చుకుని వెళ్లిపోయారు. కానీ మర్నాడే ఇంకో చిక్కు తేలింది. మంత్రిగారి పేరు మీద జనం చెప్పుకాళ్లతో నడుస్తున్నారు. వెంటనే రాయి చుట్టూ గొలుసు కట్టించి, "తొక్కరాదు" అని కొత్త బోర్డు పెట్టి, కర్రిచ్చి ఒక వాచ్‌మన్‌ని నిలబెట్టారు. మేమంతా గోడవారగా, కాలవ గట్టు మీంచి ఒకరి వెనక ఒకరం నడుస్తున్నాం. మూతైతే ఉంది, దాని మీద నడిచే యోగం మాకు లేదు.

ఆ మర్నాడు పైడితల్లి కర్ర తీసి మావగారి చేతిలో పెట్టింది. ఆయన చాలాసేపు లేవలేదు. తర్వాత శాలువా భుజాన వేసుకుని, మెట్టు దిగి, కర్రతో ముందు తడిమాడు. గొలుసు తగిలింది. వాచ్‌మన్ ఆపాడు. మంత్రిగారి పేరుంది, తొక్కకూడదు తాతా అన్నాడు. ఏది, నాకు కనపడదే అన్నాడు అప్పలనరసయ్య. వాచ్‌మన్ తల గోక్కుని పరాంకుశం గారికి ఫోన్ కొట్టాడు. అటునుంచి తీర్పు వచ్చింది. పేరు చదవగలిగినవారికే పేరును అవమానించే శక్తి ఉంటుంది, చదవలేని వ్యక్తి విషయంలో అవమానం ఉత్పన్నం కాదు, వారిని పోనివ్వవలసింది.

వాచ్‌మన్ గొలుసు విప్పాడు. ఇడ్లీల దగ్గర ఉన్నవాళ్లం అందరం చేతులు ఆపేసి చూస్తున్నాం. అప్పలనరసయ్య ఒక కాలు రాతి మీద పెట్టాడు. ఆగాడు. కాలి కింద అక్షరాలని బొటనవేలితో నెమ్మదిగా, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తడిమాడు. రెండో కాలు కూడా పెట్టాడు. పై వరస దాటాడు, మధ్య వరసలు దాటాడు, పరాంకుశం గారి పేరు దగ్గర కర్ర ఆనించుకుని కాస్త నిలబడ్డాడు. పైడితల్లి ఇడ్లీల దగ్గర్నుంచే, ఎలా ఉంది మావా అంది.

"పేర్లు బాగా లోతుగా సెక్కినారే అమ్మీ," అన్నాడు వెనక్కి తిరక్కుండా. "కాలు జారదు."

టీకొట్టు వైపు నడుచుకుంటూ వెళ్లిపోయాడు.